మౌనం అర్ధాంగీకారమేనా?

పదకొండేళ్ళ కిందటి ఒక ఆదివారం. ఎమ్.ఏ. పూర్తిచేసి, పరిశోధనకి ప్రవేశ పరీక్ష రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులు. మా ఇంటి ముందుగదిలో చాప మీద కూచున్నాను. ఎదురుగా కుర్చీల్లో నలుగురు. ‘‘నీకు ఇష్టమేనా అమ్మా?’’ అని అబ్బాయి తల్లి అడిగింది. నేను మాట్లాడలేదు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నదల్లా ఫలితాలు సోమవారం వస్తాయా, మంగళవారం వస్తాయా అన్న లెక్కే. పక్కనుంచి మా మేనత్త అందుకుంది: ‘‘ఇంకా అడగాలా వదినగారూ! మౌనం అర్ధాంగీకారం.’’ అందరూ నవ్వారు. ఫలహారాల పళ్ళాలు ఖాళీ అయ్యాయి.

తొమ్మిదో రోజున నేను ‘వద్దు’ అన్నాను. ఇంట్లో పెద్ద గొడవ. నాన్న కోపం కంటే అమ్మ అడిగిన ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ‘‘మరి ఆరోజే ఎందుకు చెప్పలేదే?’’ నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆరోజు అవునో కాదో నాకే తెలియదు. తెలియకపోవడం కూడా ఒక స్థితేననీ, దానికి కొంత వ్యవధి కావాలనీ ఆ గదిలో ఎవరికీ తోచలేదు. నాక్కూడా.

ఇన్నేళ్ళ తర్వాత ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, కిందటేడు ఇంకో గదిలో, ఇంకో రకంగా నన్ను కూచోబెట్టారు. హాస్టల్లో నా గదిలో ఉన్న స్నేహితురాలు ఇప్పుడు మెదడు మీద పరిశోధన చేస్తోంది. ‘‘మా ప్రయోగానికి మనుషులు తక్కువయ్యారు, ఒక పూట వచ్చి కూచో’’ అని పిలిచింది. తలంటుకుని రావాలి, నూనె పెట్టుకోకూడదు, జడ వేసుకోకూడదు అని షరతులు. తలకి బిగుతు టోపీ తొడిగి, దాని రంధ్రాల్లోంచి జుట్టుని పాయలు పాయలుగా పక్కకి జరిపి, చల్లటి జెల్ పెట్టి, ఒక్కో ఎలక్ట్రోడూ అమర్చింది. నా జుట్టుతో ఆమెకి ముప్పావుగంట పట్టింది. ‘‘అందుకే మాకు ఎక్కువగా మగపిల్లలే దొరుకుతారు. క్రాపు తలైతే పది నిమిషాల పని’’ అంది నవ్వుతూ. పుస్తకాల్లో ‘మనిషి మెదడు’ అని రాసేటప్పుడు అది ఎవరి మెదడో అడగాలన్న ఆలోచన నాకు ఆ మాటతోనే మొదలైంది.

నేను చెయ్యాల్సిన పని సులువే. చేతుల కింద రెండు మీటలు. ఎప్పుడు నొక్కాలనిపిస్తే అప్పుడు, ఎడమదో కుడిదో, నా ఇష్టం. అంతా అయ్యాక స్నేహితురాలు చెప్పింది: ‘‘నువ్వు ఏది నొక్కబోతున్నావో నువ్వు నొక్కకముందే మా ప్రోగ్రాం ఊహిస్తుంది. బొమ్మా బొరుసూ వేసినదానికంటే కాస్త నయం, అంతేలే.’’ ఆ నిజాయితీ నాకు నచ్చింది. కానీ ఇంటికొచ్చి జుట్టులో అట్టకట్టిన జెల్ కడుక్కుంటుంటే మేనత్త నవ్వు వినబడింది. నేను ఏమీ అనకముందే నా తరఫున ఇంకెవరో ‘అవును’ అనేసిన చప్పుడు అది.

నేను సైంటిస్టుని కాను. తెలుగు స్త్రీల ఆత్మకథనాల మీద పరిశోధన చేసినదాన్ని. కానీ ఆ ప్రయోగాలూ, వాటిమీద పత్రికల్లో వచ్చిన వ్యాసాలూ, వాటిని నమ్మి ఇచ్చిన తీర్పులూ అన్నీ రాతలే కదా. ఎవరు ఎవరిని చదువుతున్నారు, ఎవరి వాక్యాన్ని ఎవరి నోట పెడుతున్నారు అని అడగడం సాహిత్య విమర్శకుల పనే. ఆ పనే ఇక్కడ చెయ్యాలనుకుంటున్నాను.

*

ఈ కథ మొదలైంది ఎన్నికల్లోనో మార్కెట్టులోనో కాదు, మణికట్టు కదలికలో. 1983లో బెంజమిన్ లిబెట్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. మనిషి గడియారం మీద తిరుగుతున్న చుక్కని చూస్తూ, తనకి తోచినప్పుడు చేతిని కదపాలి. కదపాలన్న కోరిక కలిగిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పాలి. కోరిక తెలిసింది కదలికకి సుమారు సెకనులో అయిదో వంతు ముందు. మెదడులో విద్యుత్తు పెరగడం మొదలైంది అంతకంటే ముందే, దాదాపు అరసెకను ముందు. అంటే మనకన్నా మన మెదడే ముందు నిర్ణయించిందని చాలామంది అర్థం చేసుకున్నారు. ఇచ్ఛకి స్వేచ్ఛ లేదని పుస్తకాలు వచ్చాయి.

2008లో జాన్-డైలన్ హేన్స్ బృందం జర్మనీలో ఇంకా ముందుకి వెళ్ళింది. 14 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి ఎడమ, కుడి మీటలు ఇచ్చింది. ఏది నొక్కబోతున్నారో వాళ్ళకి తెలియడానికి 10 సెకన్ల ముందునుంచే మెదడులో ఆనవాళ్ళు దొరుకుతున్నాయని ప్రకటించింది. 10 సెకన్ల మాట ప్రపంచమంతా పాకింది. ఆ ఊహ నూటికి సుమారు 60 సార్లే నిజమైందన్న మాట అంత దూరం పోలేదు. రెండు మీటల్లో ఒకటి గుడ్డిగా చెప్పినా 50 సార్లు నిజమవుతుంది మరి.

అంకెల సంగతి అలా ఉంచుదాం. నన్ను ఆపింది ‘ఎంపిక’ అన్న మాట. ఈ ప్రయోగాల్లో ఎంపిక అంటే ఏమిటి? ఎడమ నొక్కినా, కుడి నొక్కినా ఏమీ జరగదు. ఎవరూ అలగరు, ఎవరి పరువూ పోదు, ఎవరి చదువూ ఆగదు. ఏ మీటా నొక్కకుండా లేచి వెళ్ళిపోవడం అన్నది లెక్కలోనే లేదు. మన ఇళ్ళల్లో ఏ ఆడపిల్లని అడిగినా చెబుతుంది, అసలు ఎంపిక అక్కడే ఉంటుందని. ‘ఈ సంబంధమా, ఆ సంబంధమా’ అని రెండు ఫోటోలు చేతికిచ్చి, అమ్మాయి ఇష్టప్రకారమే చేశామని చెప్పుకునే పద్ధతి మనకి కొత్తదేం కాదు.

ఈ అనుమానం స్త్రీవాదులది మాత్రమే కాదు. 2012లో ఆరన్ షుర్గర్, ఆయన సహచరులు లిబెట్ చూసిన ఆ విద్యుత్తు పెరుగుదల నిర్ణయమే కానక్కర్లేదన్నారు. మెదడులో ఎప్పుడూ ఉండే ఎగుడుదిగుళ్ళు ఒక గీత దాటినప్పుడు కదలిక వస్తుందనీ, కదలిక నుంచి వెనక్కి లెక్కకడితే అది ముందే మొదలైనట్టు కనబడుతుందనీ వివరించారు. 2019లో యూరి మావొజ్ బృందం ఇంకో పని చేసింది. ఊరికే మీటలు నొక్కించడంతో పాటు, నిజమైన సంస్థలకి నిజమైన విరాళం ఎవరికి వెళ్ళాలో నిర్ణయించమంది. ఫలితం లేని ఎంపికల్లో ఆ పాత సంకేతం స్పష్టంగా కనబడింది. విరాళం ఎవరికో నిజంగా తేల్చే ఎంపికల్లో దాదాపు కనబడలేదు.

ఇది చదివినప్పుడు నాకు ఒకరకమైన ఊరట కలిగింది. ఎంపికలో ఏదో పణంగా ఉన్నప్పుడు మనిషి మీట నొక్కే బొమ్మలా ప్రవర్తించదని తేల్చడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ ప్రశ్న మొదటే ఎందుకు అడగలేదు అన్నది మాత్రం మిగిలింది.

*

ఇక రెండో రాత. 2007 నవంబరు 11న న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్కో యాకొబోనీ, ఒక వ్యాపార సంస్థకి చెందిన మరికొందరు కలిసి రాసింది. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలు. ఇంకా ఎటూ తేల్చుకోని 20 మంది ఓటర్లకి, అభ్యర్థుల ఫోటోలూ వీడియోలూ చూపిస్తూ మెదడు స్కాన్ చేశారు.

హిలరీ క్లింటన్ అంటే తమకి ఇష్టం లేదని ప్రశ్నావళిలో రాసిన ఓటర్ల మెదడులో, ఆమె ఫోటోలు చూస్తున్నప్పుడు, యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే భాగం చురుకుగా కనబడిందట. లోపల ఘర్షణ జరిగేటప్పుడు ఆ భాగం పనిచేస్తుంది కాబట్టి, వీళ్ళు ఆమెని ఇష్టపడాలన్న కోరికతో తమకి తెలియకుండానే పెనుగులాడుతున్నారని వ్యాసకర్తలు తేల్చారు. అంటే, ‘ఇష్టం లేదు’ అన్నవాళ్ళకి లోపల ఇష్టం ఉందన్నమాట.

ఈ వాక్యం మనకి ఎంత పాతదో చెప్పాలా? మన సినిమా హీరోలు తరాలుగా చేస్తున్న పని ఇదే. ‘ఆమె కాదంటోంది, కళ్ళు మాత్రం అవునంటున్నాయి.’ కళ్ళకి బదులు సింగ్యులేట్ కార్టెక్స్ వచ్చింది, అంతే. ఇక్కడ ‘కాదు’ అన్నది స్త్రీలు మాత్రమే కాదు, ఓటర్లలో మగవాళ్ళూ ఉన్నారు. అయినా చదివే పద్ధతి అదే. మనిషి నోటితో చెప్పింది పైపై మాట, శరీరం చెప్పింది అసలు మాట, ఆ శరీరానికి అర్థం చెప్పే అధికారం మాత్రం ఎదుట నిలబడ్డవాడిది.

మూడు రోజులకే 17 మంది మెదడు శాస్త్రవేత్తలు అదే పత్రికకి ఉత్తరం రాసి అభ్యంతరం చెప్పారు. మెదడులో ఒక్కో భాగం ఎన్నో పనుల్లో పాలుపంచుకుంటుంది, ఫలానా భాగం వెలిగింది కాబట్టి ఫలానా భావం కలిగిందని వెనక్కి చదవడం కుదరదు అన్నారు. వంటింట్లో దీపం వెలిగింది కాబట్టి వంట జరుగుతోందని వీధిలోంచి తేల్చలేం కదా. మంచినీళ్ళ కోసం లేచి ఉండొచ్చు, పిల్లాడికి మందు పోస్తూ ఉండొచ్చు, ఒక్కతే కూచుని ఏడుస్తూ ఉండొచ్చు.

అదే వ్యాసంలో, బరాక్ ఒబామా, జాన్ మెకెయిన్ ఓటర్లలో గట్టి స్పందనేదీ కలిగించలేకపోయారని కూడా రాశారు. 2008లో రెండు పార్టీల తరఫున నిలబడింది ఆ ఇద్దరే.

ఇలాంటి ఊహలన్నీ వట్టివని అనడం అన్యాయం అవుతుంది. 2012లో ఎమిలీ ఫాక్ బృందం పొగతాగడం మానాలనుకుంటున్న 31 మందికి మూడు రకాల ప్రకటనలు చూపించింది. ఏ ప్రకటన బాగా పనిచేస్తుందో నోటితో చెప్పమంటే వాళ్ళు అన్నిటికంటే కింద పెట్టినదానికే మెదడు స్పందన ఎక్కువగా ఉంది. బయట జనంలోకి వెళ్ళాక, సహాయం కోసం ఫోన్లు ఎక్కువగా వచ్చింది ఆ ప్రకటనకే. ఇది నిజమైన ఫలితం, ఉపయోగపడే ఫలితం. నేను చెప్పేది నాకే పూర్తిగా తెలియదని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మన కథలూ కవిత్వమూ అంతా ఆ తెలియనితనంలోంచి వచ్చిందే. కానీ ఫాక్ ప్రయోగం చెప్పింది జనసమూహం గురించి. ఆ కుర్చీలో కూచున్న ఫలానా మనిషి సిగరెట్ మానుతుందో లేదో అది చెప్పలేదు. సమూహం గురించి తెలిసిన సంగతిని తీసుకెళ్ళి ఒక మనిషి మెడకి కట్టినప్పుడే ప్రమాదం. ఆ ప్రమాదం మన దేశంలో జరిగింది. అదీ జరిగిపోయినదాని గురించి.

*

2008 జూన్‌లో పుణె సెషన్స్ కోర్టు ఒక యువతికి యావజ్జీవ శిక్ష వేసింది. ఇంతకుముందు తనతో నిశ్చితార్థమైన వ్యక్తికి ఆర్సెనిక్ కలిపిన ప్రసాదం పెట్టి చంపిందని అభియోగం. తను పెళ్ళి చేసుకున్న భర్తకీ శిక్ష పడింది. తీర్పులో ఇతర సాక్ష్యాలతో పాటు, ఆమె మెదడుకి చేసిన పరీక్షని కూడా న్యాయస్థానం రుజువుగా తీసుకుంది. బీఈఓఎస్ అనే ఆ పద్ధతిని రూపొందించింది మన దేశంలోనే, నిమ్హాన్స్‌లో పనిచేసిన సి.ఆర్. ముకుందన్.

అమెరికన్ వ్యాసం ఓటరు రేపు ఏం ఎంచుకుంటాడో చెబుతానంది. ఈ పరీక్ష మనిషి నిన్న ఏం ఎంచుకుందో చెబుతానంది. రెండింటికీ పునాది ఒక్కటే, అడగకుండానే తెలుసుకోగలమన్న నమ్మకం.

పరీక్ష జరిగే తీరు చూడండి. మనిషి తలకి 32 ఎలక్ట్రోడ్లు పెడతారు. ఆమె కళ్ళు మూసుకుని మౌనంగా కూచోవాలి. ఏ ప్రశ్నకీ జవాబు చెప్పక్కర్లేదు. చెవిలో వరసగా వాక్యాలు వినిపిస్తారు. ‘ఆకాశం నీలంగా ఉంది’ లాంటి మామూలు మాటల మధ్య, దర్యాప్తు అధికారుల కథనం నుంచి తయారుచేసిన ‘నేను ఆర్సెనిక్ కొన్నాను’ లాంటివి వస్తాయి. ఆ మాటలు విన్నప్పుడు మెదడులో ఒకరకం అలలు లేస్తే, ఆమె ఆ పనిని స్వయంగా అనుభవించినట్టు. విని తెలుసుకున్నదానికీ, చేసి తెలుసుకున్నదానికీ తేడా యంత్రం పట్టేస్తుందని వాదన.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ ‘నేను’. వాక్యం రాసింది పోలీసుల కథనం. చదివింది ప్రయోగశాల. అందులో ‘నేను’ మాత్రం ఆ అమ్మాయి. ఆమె పెదవి కదపలేదు. తన వాక్యం ఒక్కటీ లేని ఆత్మకథని ఆమె చెవిలో పోసి, ఆమె చేతే చెప్పించినట్టు లెక్కకట్టారు.

తెలుగులో ఇతరుల మాటని మనం చెప్పేటప్పుడు చివర ‘అని’ పెడతాం. ‘నేను విషం కొన్నాను అని వాళ్ళంటున్నారు.’ ఆ రెండక్షరాల్లో ఎంత న్యాయం ఉందో నేను ఈ కేసు చదివేదాకా గమనించలేదు. అది ఉంటే నేరారోపణ, అది తీసేస్తే నేరాంగీకారం. ఆ పరీక్షలో తీసేసింది సరిగ్గా ఆ ‘అని’నే. మన భాషలో ‘నేను’ తీసేసినా, ‘కొన్నాను’ అన్న క్రియ చివర అది దాక్కునే ఉంటుంది. పోలీసుల ప్రశ్నల్లో రోజుల తరబడి ఆ సంగతులే విన్న మనిషికి, ఆ వాక్యం మళ్ళీ వింటే గుండె దడదడలాడదా? ఆ దడ భయానిదో, అవమానానిదో, జ్ఞాపకానిదో తలమీది తీగకి ఎలా తెలుస్తుంది?

పరీక్షకి ఆమె ఒప్పుకుందని రికార్డుల్లో ఉంది. ‘ఒప్పుకుంది’ అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. ఒప్పుకోకపోతే, దాచడానికి ఏదో ఉందని అంటారు. ఒప్పుకుంటే, మౌనంగా కూచోబెట్టి ఆ మౌనాన్ని తామే చదువుకుంటారు. ఈ రెండు మీటల్లో ఏది నొక్కినా దీపం ఒకటే వెలుగుతుంది.

అదే ఏడాది, నిమ్హాన్స్ డైరెక్టర్ అధ్యక్షతన వేసిన కమిటీ ఈ పద్ధతి శాస్త్రీయం కాదని, కోర్టుల్లో సాక్ష్యంగా వాడకూడదని చెప్పింది. 2009లో బొంబాయి హైకోర్టు ఆమె శిక్షని నిలుపుదల చేసి బెయిలిచ్చింది. ఆమె నేరం చేసిందా లేదా అన్నది నేను తేల్చే విషయం కాదు. నేను అడుగుతున్నది ఆమె పేరు మీద చలామణీ అయిన వాక్యాల గురించి.

*

2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో తీర్పిచ్చింది. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, మెదడు పరీక్ష, ఈ మూడూ ఎవరికీ బలవంతంగా చెయ్యకూడదంది. సమ్మతితో చేసినా ఆ ఫలితాలు నేరుగా సాక్ష్యం కావంది. అన్నిటికంటే ముఖ్యంగా, మాట్లాడటమా మౌనంగా ఉండటమా అన్న ఎంపిక మనిషిదేనని, రాజ్యాంగంలోని 20(3) అధికరణం కాపాడేది దాన్నేనని చెప్పింది.

నోరు విప్పకపోయినా మెదడు నుంచి సమాచారం లాగడం కూడా సాక్ష్యం చెప్పించడమే. ఈ ఒక్క మాట చదివి నేను చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. మన ఎంపికల్ని ముందే పసిగడతామనేవాళ్ళు ఎడమా కుడీ అంటున్నారు. మొదటి ఎంపిక అది కాదు. చెప్పాలా వద్దా అన్నది. దాన్ని ఊహించడం అంటే లాగేసుకోవడమే.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే వ్యాసం చక్కగా ఉంటుంది. కానీ నిజం అంత చక్కగా లేదు. ఆ కేసులో సెల్వి ఎవరు? ఆమె కూతురు వేరే కులం అబ్బాయిని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. 2004లో అతన్ని దారుణంగా చంపేశారు. అభియోగం ఆ తల్లి మీద, బంధువుల మీద. అంటే, నేను ఇంతగా తలకెత్తుకుంటున్న ఈ మౌనహక్కు ఒక కూతురి ఎంపికని సహించలేకపోయారని ఆరోపణ ఎదుర్కొన్న కుటుంబం అడిగి తెచ్చుకున్నది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఇదే తీర్పుని మళ్ళీ గట్టిగా గుర్తుచేసింది, బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో. అక్కడ పరీక్ష నుంచి రక్షణ కోరింది కనబడకుండా పోయిన భార్య కేసులో నిందితుడైన భర్త.

ఈ మాట ఒక సభలో అన్నప్పుడు ఒక విద్యార్థిని లేచి అడిగింది. ‘‘అయితే మేడమ్, కూతురి మొగుణ్ణి చంపారన్నవాళ్ళ మౌనం కూడా పవిత్రమేనా?’’ నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ అమ్మాయి కళ్ళల్లో కోపం న్యాయమైనదే. చాలా రోజులు ఆలోచించాక నేను చెప్పగలిగింది ఇంతే. పవిత్రం కాదు. కానీ ఆ తలుపు ఒకసారి తెరిస్తే, లోపలికి మొదట ఎవరిని లాగుతారో మన చరిత్రకి తెలుసు. 2020లో హత్రాస్‌లో దళిత యువతి మీద అత్యాచారం చేసి చంపారని కేసు నడుస్తున్నప్పుడు, నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు చేస్తామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన వాళ్ళ జాబితాలో బాధితురాలి కుటుంబం కూడా ఉంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి మాట కూడా యంత్రం ధ్రువీకరిస్తేనే నిజం. కూతురి ఎంపికని కాపాడేది పోలీసులు వెంటనే రాసుకునే ఫిర్యాదు, భయపడకుండా నిలబడే సాక్షులు, ఏళ్ళ తరబడి సాగని విచారణ. వీటిని బాగుచెయ్యడం కష్టం కాబట్టి, అందరి తలలకీ తీగలు తగిలించడం తేలిక అనిపిస్తుంది.

*

ఇంతమందిని విమర్శించాక నా సంగతి కూడా చెప్పాలి.

నా పరిశోధనకి ఒక స్ఫూర్తి ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం అది. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో తమ జీవితం చెప్పుకున్నారు. అది చదివి, నేనూ ఒక టేప్‌రికార్డరుకి బదులు ఫోన్ పట్టుకుని ఊళ్ళు తిరిగాను. ఒక పెద్దావిడ దగ్గర నాలుగు రోజులు కూచున్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఇల్లు వదిలి వెళ్ళి, మూడేళ్ళకి మళ్ళీ అదే భర్త దగ్గరికి వచ్చిన మనిషి. ‘‘ఎందుకు తిరిగొచ్చారమ్మా? పిల్లల కోసమా, ఊరివాళ్ళ మాటలకి భయపడా?’’ అని అడిగాను. ఆమె మాట్లాడలేదు. చాలాసేపు. రికార్డింగులో ఇప్పటికీ ఉంది, దూరంగా కోడి అరుపు, గిన్నె చప్పుడు, ఇంకేమీ లేదు.

థీసిస్‌లో ఆ మౌనానికి నేను అర్థం రాశాను. పితృస్వామ్య విలువల్ని ఆమె అంతర్లీనంగా అంగీకరించిందని, ఆ అంగీకారాన్ని బయటికి ఒప్పుకోలేని ఘర్షణే ఆ మౌనమని రాశాను. పరీక్షకులు మెచ్చుకున్నారు. ఇప్పుడు చదువుకుంటే ఆ పేరా నాకు న్యూయార్క్ టైమ్స్ వ్యాసంలా కనబడుతోంది. నేను ఆమెకిచ్చినవి రెండు మీటలు. పిల్లలు, భయం. ఆమె ఏదీ నొక్కలేదు. నేనే నొక్కుకున్నాను. మా మేనత్త ఒక్క సామెతతో చేసినదాన్ని నేను మూడు వందల పేజీల్లో చేశాను.

కిందటేడు ఆ ప్రయోగం అయ్యాక మళ్ళీ ఆమె ఊరు వెళ్ళాను. ఇప్పుడు ఆమెకి చూపు ఆనడం లేదు. రాసింది చదివి వినిపించాను. వింటూ వింటూ నవ్వింది. ‘‘ఆ ప్రశ్న నువ్వు ఇంటికాడ రాసుకొచ్చుకున్నదే బిడ్డా. నా బతుకులోది కాదు’’ అంది. ‘‘మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?’’ అని నోటిదాకా వచ్చింది. మా అమ్మ నన్నడిగిన ప్రశ్నే అది. మింగేశాను. ఊరికే కూచున్నాను. టీ తాగాం. చీకటి పడబోతుండగా తనంతట తనే ఒక సంగతి చెప్పింది. వదిలి వెళ్ళినప్పుడు ఇంటి వెనక తను నాటిన చింతచెట్టు కాపుకి రాలేదట. తిరిగొచ్చిన ఏడు కాసిందట. అంతకంటే ఏమీ అనలేదు. అదే కారణమని కూడా అనలేదు. నేను కారణమని రాయడం లేదు.

ఇంతకీ ఈ యంత్రాలు పోవు. తలకి తగిలించుకునే పట్టీలు ఇప్పుడు బజార్లో దొరుకుతున్నాయి, ఏకాగ్రతకనీ ధ్యానానికనీ. 2021లో చిలీ తన రాజ్యాంగంలో మెదడు సమాచారానికి రక్షణ చేర్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, అలాంటి పట్టీ అమ్మిన సంస్థ ఒక మనిషి నుంచి సేకరించిన సమాచారాన్ని చెరిపేయమంది. ఇక్కడా ఆ రోజు వస్తుంది. ఉద్యోగాల్లో, బీమాలో, ఎన్నికల్లో, సంబంధాలు కుదిర్చేచోట, ‘అమ్మాయి మనసులో ఏముందో మేం చెబుతాం’ అనేవాళ్ళు వస్తారు. అప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నలు సాంకేతికమైనవి కావు, ఎప్పుడూ అడుగుతున్నవే. మీటలు ఎన్ని ఇచ్చారు? వాక్యాలు ఎవరు రాశారు? ‘నేను’ ఎవరు? ‘అని’ ఎక్కడ?

నా థీసిస్‌ని పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణకర్త అడుగుతున్నారు. ఆ పేరా తీసేశాను. ఆ పెద్దావిడ మౌనం ఎన్ని నిమిషాలుందో రాసి, తర్వాత చింతచెట్టు సంగతి ఆమె మాటల్లోనే పెట్టాను. చివర ‘అని ఆమె చెప్పింది’ అని రాశాను. దాని కింద నా వ్యాఖ్య ఏదీ లేదు. సంపాదకుడు అక్కడ ఖాళీ ఎందుకుందని అడిగారు. ఉండనివ్వమన్నాను.